ఏం చదవను, ఏం చూడను, ఏం వినను?

ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. అన్నిటికీ విడివిడిగా జవాబు రాసే చోటు లేదు కనుక ఒకే సంగతి అడిగినవాళ్లను కలిపేశాను. కొత్తగా రాసేవాళ్లకు ఒక మనవి: ‘మంచి పుస్తకం పేరు చెప్పండి’ అని ఒక్క ముక్క రాసి పంపకండి. మీ వయసెంత, రోజులో ఏ వేళ మీకు తీరిక, ఈమధ్య మొదలుపెట్టి వదిలేసిన పుస్తకమేది, ఇవి కూడా రాయండి. గ్రంథాలయంలో పుస్తకాలిచ్చే బల్ల దగ్గర ఉద్యోగం చేసినదాన్ని నేను. తిరిగొచ్చిన పుస్తకంలో టికెట్టు ముక్కో చీటీయో ఏ పేజీ దగ్గర ఉండిపోయిందో చూసుకుని, ఆ మనిషికి తర్వాత ఏమివ్వాలో ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఆ పేజీ ఏదో మీరే నాకు చెప్పాలి.

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు. చదువంతా ఇంగ్లిష్ మీడియం. తెలుగు చదవడం వచ్చు గానీ చాలా నెమ్మది, పేజీకి ఐదారు నిమిషాలు పడుతుంది. తెలుగు సాహిత్యం చదవాలని నిజంగా కోరిక. తెలిసినవాళ్లు ‘వేయిపడగలు’తో మొదలుపెట్టమన్నారు. నలభై పేజీలు కూడా దాటలేకపోయాను. ఇక నావల్ల కాదేమో అనిపిస్తోంది.
(సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

జవాబు: ఎందుకు కాదు బాబూ? మీ ఉత్తరం చక్కటి తెలుగులో ఉంది. అంటే భాష మీకు వచ్చు. అక్షరాల మీద కన్ను పరిగెత్తడం ఒక్కటే అలవాటు కాలేదు. పుట్టిన దగ్గర్నుంచీ మీరు తెలుగును చెవితో నేర్చుకున్నారు. కంటితో చదివింది బహుశా బడిలో ఒక్క తెలుగు వాచకమే. అందుకని మొదటి రెండు మూడు వారాలు ఏది చదివినా పైకి చదవండి. గది తలుపు వేసుకుని, మామూలు మాట్లాడే గొంతుతో చదివితే చాలు. కంటికి పట్టుబడని సంధులు చాలా మటుకు నోట్లో పడగానే విడిపోతాయి. తెలియని మాట వస్తే ఆగి నిఘంటువు తియ్యొద్దు, పెన్సిల్‌తో కింద గీత గీసి ముందుకు వెళ్లిపోండి. కథ అయ్యాక చూస్తే ఆ గీతల్లో సగం మాటల అర్థం మీకే తట్టి ఉంటుంది.

ఇక ‘వేయిపడగలు’ సంగతి. విశ్వనాథ సత్యనారాయణ గారి ఆ నవల దాదాపు వెయ్యి పేజీలు. అందులో సంస్కృత సమాసాలున్నాయి, ఒక కాలపు ఊరి జీవితమంతా ఉంది, తర్కవితర్కాలున్నాయి. కొత్తగా చదువుతున్నవాళ్లకు దాన్ని చేతికివ్వడం నాకు సమ్మతం కాదు. పుస్తకం మీద గౌరవంతోనే అంటున్నాను. అది మీకోసం అక్కడే ఉంటుంది, తొందరేమీ లేదు.

చిన్న కథలతో మొదలుపెట్టండి. అలాగని పిల్లల కథలు కాదు. మీ చదువు నెమ్మదే గాని మీ బుద్ధి పెద్దవాళ్లది, దానికి తగ్గ ఆహారం కావాలి. చాగంటి సోమయాజులు, అందరూ చాసో అంటారు, ఆయన కథలు చాలావరకు నాలుగైదు పేజీలు మించవు. వాక్యం పొట్టిగా ఉంటుంది, అనవసరమైన మాట కనబడదు. ‘వాయులీనం’ చదవండి. జబ్బుపడిన భార్య వైద్యం కోసం ఆమె వాయులీనాన్నే, అంటే వయొలిన్‌నే, అమ్ముకోవాల్సి వచ్చిన ఇంటి కథ. రచయిత మనల్ని ఎక్కడా ఏడవమని అడగడు. ‘ఎంపు’ చదవండి, బిచ్చగాళ్ల మధ్య జరిగే పెళ్లిబేరం. మీ వేగంలో ఒక్కో కథ అరగంట. మంచంమీద నుంచి లేవకుండా ఒక పూర్తి కథ ముగించానన్న తృప్తి మీకిప్పుడు చాలా అవసరం.

ఆ తర్వాత గురజాడ ‘దిద్దుబాటు’. 1910లో వచ్చిన కథ, అయినా ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. వర్ణన లేదు, ఉపోద్ఘాతం లేదు. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త తలుపు తీయమని పిలుస్తుంటాడు, లోపల్నుంచి పలుకు లేదు, గదిలో గడియారం ఒంటిగంట కొడుతుంది. అంతే, కథ మొదలైపోయింది. ఈ తొలి నాలుగు వాక్యాలు పైకి చదివి ఒక్క క్షణం ఆగండి. మనిషి ముఖం చూపించకుండా, అతని పిలుపుతోటీ ఇంటి నిశ్శబ్దంతోటీ మొత్తం సంసారాన్ని మన ముందు పెట్టాడు రచయిత. భార్య ఎక్కడుందో నేను చెప్పను, మీరే చివరిదాకా వెళ్లి చూడండి.

అప్పటికి కొంచెం ధైర్యం వస్తుంది. అప్పుడు మాండలికంలోకి దిగండి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారి ‘పచ్చనాకు సాక్షిగా’ చిత్తూరు జిల్లా రైతుల ఇంటి భాషలో ఉంటుంది. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు జిల్లా ముస్లిం కుటుంబంలో ఒక పిల్లాడి బాల్యం. వీటిని తెరవగానే ‘ఇదేం స్పెల్లింగు’ అని మీలాంటివాళ్లు జంకుతారు, నేను చూశాను. అదే పేజీని గొంతెత్తి చదవమంటే రెండో పేరాకల్లా నవ్వడం మొదలవుతుంది. కంటికి వింతగా కనిపించిందంతా చెవికి మన పక్కింటివాళ్ల మాటే. పెద్దమాటలు రాని కష్టం ఇక్కడ ఉండదు, ఎందుకంటే పెద్దమాటలే ఉండవు.

నవల కావాలనిపించినప్పుడు డాక్టర్ కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ తీసుకోండి. సన్నటి పుస్తకం. సాయంత్రమైనా ఇంటికి రాని పందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు అడవిలోకి వెళతాడు. ఒక్క రాత్రి. అడవి, చీకటి, నక్కలు, అతని ఒంటరి పోరు. నవల అంటే బోలెడన్ని పాత్రలు, తరాలు, చుట్టరికాలు గుర్తుపెట్టుకోవాలన్న భయం ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి ప్రవేశం నాకు తెలియదు.

‘కన్యాశుల్కం’ గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మీరు త్వరలో అడుగుతారు. అది నాటకం. ఒక్కరే కూర్చుని నవలలా చదవొద్దు. స్నేహితుణ్ణో, చెల్లెల్నో, ఇంట్లో ఎవర్నో ఒకర్ని తోడు తెచ్చుకుని పాత్రలు పంచుకోండి. గిరీశం మీరైతే వెంకటేశం వాళ్లు. 1897లో మొదట అచ్చయినదాన్ని గురజాడ బాగా పెంచి తిరగరాస్తే ఆ రెండో కూర్పు 1909లో వచ్చింది, మనం చదివేది అదే. పెద్దది, ఏడంకాలు. వారానికి ఒకటి రెండు రంగాలు చాలు. మన ఇళ్లలో సామెతల్లా తిరిగే మాటలు కొన్ని మొదట ఎవరి నోట, ఏ సందర్భంలో వచ్చాయో దారిలో మీకే ఎదురవుతాయి. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో గొడవ రంగం వచ్చినప్పుడు మాత్రం కిటికీలు వేసుకోండి, పొరుగువాళ్లు కంగారుపడతారు.

ఇవన్నీ అయ్యాక ‘వేయిపడగలు’ మళ్లీ తెరవండి. నలభయ్యో పేజీ దగ్గర్నుంచి వద్దు, మొదటి నుంచి.

ప్రశ్న: చచ్చేలోపు చదవాల్సిన వంద తెలుగు పుస్తకాల జాబితా ఇవ్వగలరా? గోడకు అంటించుకుంటాను.

జవాబు: ఇవ్వను. గోడమీది జాబితా రోజూ చదవనివాటినే గుర్తుచేస్తుంటుంది. ఒక్క పుస్తకం చెబుతాను: ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’, 1922. చదివి, ఏ భాగం దగ్గర ఆగి ఆలోచించారో రాయండి. దాన్నిబట్టి రెండోది చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారికి 81. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపిన మనిషి. కంటిచూపు బాగా తగ్గి ఇప్పుడు అక్షరాలు ఆనడం లేదు. టీవీ పెడితే చిరాకు పడుతున్నారు. రోజంతా ఊరికే కూర్చుంటున్నారు. ఏం వినిపించమంటారు?
(ఒక కూతురు)

జవాబు: అమ్మా, ముందు మీరు వినిపించడం కాదు, ఆయన చేత చెప్పించండి. ఆ తరంలో చదువుకున్నవాళ్లకు పద్యాలు కంఠస్థంగా ఉంటాయి. పోతన భాగవతంలో గజేంద్రమోక్షం నుంచి ఒక పద్యం మొదటి మాట మీరు అందివ్వండి, మిగిలింది ఆయనే అందుకుంటారు. చూపు పోయినంత మాత్రాన ఆయన లోపలి గ్రంథాలయం మూతపడలేదు. అది తెరిపించడం మొదటి పని.

రెండోది, పద్యనాటకాలు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో రాయబార ఘట్టం ఆయన తప్పకుండా ఎరిగి ఉంటారు. కృష్ణుడిగా పీసపాటి నరసింహమూర్తి గారి రికార్డింగులు సంపాదించండి. పీసపాటి గారు రాగం కోసం మాటను నలిపేయరు. పద్యం పద్యంగా, అర్థం విరిగే చోట విరుస్తూ వెళుతుంది. చెవి మందగించిన పెద్దవాళ్లకు ఆ స్పష్టత ముఖ్యం. అలాగే ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’. ఆకాశవాణిలో ఉషశ్రీ గారు చెప్పిన రామాయణ భారతాలు. ఉషశ్రీ గొంతు వినగానే ఆ కాలపు ఆదివారం మధ్యాహ్నాలు గుర్తొచ్చేవాళ్లు లక్షల్లో ఉన్నారు, మీ నాన్నగారు వాళ్లలో ఒకరై ఉంటారు.

అసలైనది మూడోది. మీరే ఆయనకు చదివి వినిపించండి. యంత్రం చదివే గొంతులు ఇప్పుడు ఫోన్లలో వచ్చాయి, వార్తలకు అవి పనికొస్తాయి. కథకు వద్దు. ఆగాల్సిన చోట ఆగవు, ఆగకూడని చోట ఆగుతాయి, పద్యమైతే ముక్కలు చేస్తాయి. మీ గొంతు తడబడినా సరే అదే కావాలి. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలు ఇందుకు బాగుంటాయి. ఆయన కథల్లో సంభాషణే ఎక్కువ, పాత్రలు ఒకరి మాట ఒకరు అందుకుంటూ వెళతాయి. చదివేవాళ్లకు శ్రమ లేదు, వినేవాళ్లకు ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోతుంది. చదరంగం ఆట చుట్టూ నడిచే ‘వడ్లగింజలు’ చాలా పెద్ద కథ, నాలుగైదు రోజులు వస్తుంది. రాజుగారి దర్శనం కోసం ఒక అత్తరు సాయిబు పడిన పాట్లు ‘గులాబీ అత్తరు’. ఇవి నచ్చితే ఆయన ఆత్మకథ ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ మొదలుపెట్టండి. సంస్కృత పండితుల ఇంట్లో పుట్టి, తెలుగులో రాయడాన్ని చిన్నచూపు చూసే వాతావరణంలోంచి తెలుగు కథకుడిగా ఎదిగిన మనిషి మాటలవి. నెలల తరబడి వస్తుంది.

రోజూ ఒకే వేళకు, ఇరవై నిమిషాలు. ఎక్కువొద్దు, రేపటి కోసం ఎదురుచూసేలా ఆపండి. మధ్యలో ‘బాగుందా నాన్నా?’ అని అడగొద్దు. మీ ఉచ్చారణ ఆయన సరిదిద్దితే విసుక్కోవద్దు. దిద్దడానికి ఆయనకొక పని దొరికిందని లోపల సంతోషించండి. వారం గడిచాక మనవల్ని ఎవరినైనా మీ స్థానంలో కూర్చోబెట్టి చూడండి.

ప్రశ్న: మా దంపతులిద్దరం ఉద్యోగస్తులం. రాత్రి భోజనాలయ్యాక సినిమా చూద్దామని కూర్చుంటాం. ఓటీటీల్లో గంటసేపు వెతికి, ఏదీ తేల్చుకోలేక నిద్రపోతున్నాం. మనసుకు పట్టే తెలుగు సినిమాలు చెప్పండి. పాతవైనా ఫర్వాలేదు.

జవాబు: సినిమాను రాత్రి ఎంచుకోవద్దు. పగలే, ఒకరు ఎంచి రెండోవాళ్లకు కబురు పెట్టండి. ఒక రోజు మీరు, ఇంకో రోజు వారు. ఎంచినవాళ్ల మాటే ఖాయం. అలసిపోయిన కళ్లతో వంద బొమ్మల్లోంచి ఒకటి ఏరడం ఎవరికీ సాధ్యం కాదు.

మీరు చూసి ఉండరనుకుంటున్న ఒక సినిమా గురించి కాస్త వివరంగా చెబుతాను. బి. నర్సింగరావు గారి ‘దాసి’, 1988. తెలంగాణలో దొరల గడీల్లో, అంటే కోటల్లాంటి వాళ్ల ఇళ్లలో, కట్టు బానిసగా బతికిన ఒక ఆడమనిషి కథ. దాసి కమలాక్షిగా అర్చన నటించింది, ఆ ఏటి ఉత్తమ నటి జాతీయ పురస్కారం ఆమెకే వచ్చింది. ఈ సినిమాలో మాటలు చాలా తక్కువ. అందుకే ఫోన్లు పక్క గదిలో పెట్టి, శబ్దం కొంచెం పెంచుకుని చూడండి. గడీలో రోజువారీ పనుల చప్పుళ్లు, మధ్యలో పైనుంచి దొరసాని పిలుపు. ఆ పిలుపు విన్న ప్రతిసారీ అర్చన భుజాలు ఎలా కదులుతాయో చూడండి. ఆమెకు జరిగిన అన్యాయాన్ని ఎవరూ మనకు ఉపన్యాసంగా చెప్పరు. ఆ భుజాల్లోనే ఉంది. ఇది చూసిన తర్వాత దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ నవల ఇద్దరూ చదవండి. గడీ లోపలి సంగతి సినిమాలో చూశారు, గడీ నీడ ఊరంతటి మీదా ఎలా పడిందో నవలలో తెలుస్తుంది. 1971లో దానికి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇంకొకటి మృణాల్ సేన్ తెలుగులో తీసిన ‘ఒక ఊరి కథ’, 1977. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథ ఆధారం. బరువైన సినిమా, మర్నాడు సెలవున్న రోజు చూడండి.

ఈమధ్య వచ్చినవాటిలో ‘కేరాఫ్ కంచరపాలెం’, 2018. నటించినవాళ్లలో చాలామంది ఆ పేట మనుషులే. ‘మల్లేశం’, 2019. పోచంపల్లి చీర నేతకు ముందు ఆసు పోయాలి, దారాన్ని చేత్తో అటూ ఇటూ వేల సార్లు తిప్పాలి. తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేసిన చింతకింది మల్లేశం గారి జీవితం అది. యంత్రం తిరిగే క్షణం కంటే, అంతకుముందు తల్లి చెయ్యి తిరిగే దృశ్యాలు నన్ను ఎక్కువ పట్టుకున్నాయి. ‘బలగం’ మీరు చూసే ఉంటారు, చూడకపోతే చూడండి.

ప్రశ్న: నా భార్య పోయి నాలుగు నెలలైంది. నాకు 58. ఇంట్లో ఎప్పుడూ రేడియోయో పాటో మోగుతుండేది, అది ఆమె అలవాటు. ఇప్పుడు పాట పెడితే వినలేను, ఆపితే ఇంట్లో ఉండలేను. పుస్తకం తీస్తే ఒకే వరస మళ్లీ మళ్లీ చదువుతున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. ఇలాంటివి అడగొచ్చో లేదో తెలియదు.

జవాబు: అడగొచ్చు. ఇలాంటి వేళకే కదా ఇవన్నీ ఉన్నది.

పాటలు కొంతకాలం పక్కన పెట్టండి. మాట ఉన్న ప్రతి పాటకూ ఒక చోటు, ఒక మనిషి అతుక్కుని ఉంటారు, ముఖ్యంగా సినిమా పాటలకు. మాటలు లేని సంగీతం వినండి. ఈమని శంకరశాస్త్రి గారి వీణ. ఆయన రాగం వాయించేటప్పుడు ఒక స్వరాన్ని మీటి, అది పూర్తిగా కరిగేదాకా ఉంచి, అప్పుడు రెండోదాన్ని ముట్టుకుంటారు. మనం దేన్నీ వెంట పరిగెత్తి పట్టుకోవక్కర్లేదు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు లైటు వేయకుండా, పక్కగదిలో ఎవరో వాయిస్తున్నంత చిన్నగా పెట్టుకోండి. వినాలని ప్రయత్నించకండి, అలా మోగనివ్వండి. ద్వారం వెంకటస్వామినాయుడు గారి వాయులీనం కూడా అలాంటిదే. ఈమని గారి శిష్యుడు చిట్టిబాబు గారి ‘కొమ్మలో కోయిల’ మాత్రం పగటిపూట వినండి. వీణలోంచి కోయిల కూత పలికిస్తారు. ఎప్పుడో ఒక రోజు అది విని మీ ముఖం తేలికపడితే, తప్పు చేసినట్టు అనుకోకండి.

చదవడానికి, బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం గారి తెలుగు, ‘వనవాసి’. నగరంలో ఉద్యోగం లేని యువకుడు బీహారు అడవుల్లో ఎస్టేటు మేనేజరుగా వెళతాడు. ఆ తర్వాత పెద్దగా ఏమీ జరగదు. వెన్నెల రాత్రులు, గుర్రం మీద ఒంటరి ప్రయాణాలు, దారిలో తారసపడే నిరుపేద మనుషులు. ఏ పేజీ దగ్గర ఆపినా నష్టం లేదు, నిన్న చదివింది మరిచిపోయినా నష్టం లేదు. ఒకే వరస నాలుగుసార్లు చదివినా అదేమీ అనుకోదు.

మిమ్మల్ని ఓదార్చాలనుకునేవాళ్లు వేదాంత గ్రంథాలు తెచ్చిస్తారు. తీసుకుని అరలో పెట్టండి, చదవాలన్న ఒత్తిడి పెట్టుకోకండి. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ పేరు చూసి దాని మీదికి మనసు పోవచ్చు. గొప్ప నవల, ఇప్పుడు మాత్రం వద్దు.

నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే వైద్యుణ్ణి కలవండి, ఆలస్యం చేయకండి. వచ్చే నెల మళ్లీ రాయండి. పత్రికలో వేయొద్దంటే వేయను, జవాబు మాత్రం ఇస్తాను.

ప్రశ్న: మా బాబుకు పదేళ్లు. ఫోను తప్ప పుస్తకం ముట్టడు. తెలుగు కథలంటే బోరంటాడు. ఏం చెయ్యాలి?

జవాబు: మీ ఇంట్లో పెద్దవాళ్లు పుస్తకం ముడుతున్నారా? మీరు రాయలేదు కనుక అడుగుతున్నాను.

పుస్తకానికి ముందు సినిమా చూపించండి. ‘మాయాబజార్’, 1957. రంగులద్దిన ప్రతి 2010లో వచ్చింది గానీ నలుపు తెలుపుదే చూపించండి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే అందులో వెన్నెలను తెలుపు నలుపుల కోసమే తీశాడు. వాడికి ఒక ఆట చెప్పండి. సావిత్రి రెండు రకాలుగా కనిపిస్తుంది: నిజమైన శశిరేఖ ఒకరు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు ఒకరు. ఇప్పుడు తెరమీద ఉన్నది ఎవరో నడక చూసి, చేతులు పెట్టుకునే తీరు చూసి ముందుగా ఎవరు పట్టేస్తారో పందెం. రెండో ఆట, పాండవులు ఎక్కడ కనిపిస్తారో చూసి చెప్పమనండి. పాండవుల ఇంటి పెళ్లి కథలో వాళ్లు ఒక్కసారి కూడా కనబడరు. ఈ సంగతి వాడే కనిపెట్టాలి, మీరు నోరు జారకండి.

మర్నాడు వాడే అడుగుతాడు, ఘటోత్కచుడు ఎవరు, తర్వాత ఏమయ్యాడు అని. అప్పుడు పిల్లల భారతం చేతికివ్వండి. పాత ‘చందమామ’లు దొరికితే ఇంకా మంచిది, 1947 జూలైలో మొదలైన పత్రిక. చిత్రా, శంకర్ బొమ్మలు చూస్తూ బొమ్మ కింద ఏముందోనని చదువుతాడు. ముళ్లపూడి ‘బుడుగు’ వాడికి ఇవ్వొద్దు, మీరు చదివి వాడికి వినబడేలా నవ్వండి.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన మిత్రులం ఐదుగురం నెలకోసారి కలిసి ఒక కథ గురించి మాట్లాడుకుందామనుకుంటున్నాం. ఏ కథలు?

జవాబు: అందరూ బాగుందని తలూపే కథలు వద్దు, సభ పది నిమిషాల్లో ముగిసిపోతుంది. కాళీపట్నం రామారావు, అందరూ కారా మాస్టారు అంటారు, ఆయన ‘యజ్ఞం’ తీసుకోండి. 1966లో అచ్చయింది. ఒక పాత అప్పు మీద పంచాయతీ. అప్పు న్యాయమైనదే, లెక్క సరైనదే, మరి అన్యాయం ఎక్కడుంది? దాని ముగింపు మీద అచ్చయిన నాటినుంచీ వాదాలు నడుస్తూనే ఉన్నాయి, మీరూ దిగండి. రెండో నెల పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’. నియమాలతో బతికే ఒక పెద్దమనిషి, ఒక ముష్టి మనిషి, తుఫాను రాత్రి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. బహుమతి సంగతి అలా ఉంచి, ఆ రాత్రి రావుగారు మారాడా లేదా అన్నది తేల్చండి. కథల ప్రతులు దొరక్కపోతే శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నెలకొల్పిన కథానిలయాన్ని సంప్రదించండి. తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలన్న పట్టుదలతో పుట్టిన సంస్థ అది.

ప్రశ్న: శాస్త్రీయ సంగీతం వినాలని ఉంది. రాగాలు తెలియవు, తాళం తెలియదు. కచేరీకి వెళితే పక్కవాళ్లు తలలు ఊపుతుంటే నాకు బెరుకుగా ఉంటుంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
(డిగ్రీ విద్యార్థిని)

జవాబు: తల్లీ, కచేరీల్లో కూర్చునేవాళ్లలో చాలామందికి లేని వసతి మీకుంది: త్యాగరాజస్వామి ఏ భాషలో పాడాడో ఆ భాష మీది. అక్కణ్ణుంచే మొదలుపెట్టండి.

పంచరత్న కీర్తనల్లో ఆరభి రాగంలోని ‘సాధించెనే’ తీసుకోండి. ముందు సాహిత్యం కాగితం మీద రాసుకుని రెండుసార్లు చదవండి. కృష్ణుణ్ణి ప్రేమగా దెప్పుతున్న పాట, అవసరాన్నిబట్టి మాట మార్చేవాడని. మాటలు చాలావరకు తేలిక. ఇప్పుడు వినండి. ఈ కీర్తనల్లో ప్రతి చరణాన్నీ ముందు సరిగమలుగా పాడి, వెంటనే అదే బాణీలో మాటలు పాడతారు. అంటే ఒక్కో బాణీ మీకు రెండుసార్లు వినబడుతుంది. మొదటిసారి స్వరాలు విన్నప్పుడు తర్వాత వచ్చే మాటలు ఊహించండి. ప్రతి చరణం చివరా ఒకే వాక్యం తిరిగొస్తుంది, దాన్ని పట్టుకుంటే ఎక్కడున్నారో తెలిసిపోతుంది. తాళం వేయడం రాకపోయినా ఇది చాలు.

దీన్ని మూడు రకాలుగా వినండి. త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో అందరూ కలిసి పాడినది ఒకటి, బాలమురళీకృష్ణ గారు ఒక్కరే పాడినది ఒకటి, వాయులీనం మీద వాయించినది ఒకటి. వారమంతా అదే. వేరే కీర్తన జోలికి పోవద్దు. మూడోసారికి, మాటలు లేకపోయినా మాటలు వినబడుతున్నాయేమో గమనించండి.

తర్వాత అన్నమయ్య. ఆయన కీర్తనలు తిరుమల ఆలయంలో రాగిరేకుల మీద దొరికాయి. రేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. అందుకని ఈనాడు మనం వినే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి: రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, ఇంకా కొందరు. ఒకే కీర్తనను రెండు వేరువేరు బాణీల్లో వినే అవకాశం అన్నమయ్య దగ్గర ఉంటుంది. ఒకే మాట రెండు రాగాల్లో ఎలా మారుతుందో చెవికి తెలియడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

పక్కవాళ్ల తలల సంగతి వదిలేయండి. కళ్లు మూసుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు, మీరూ మూసుకోండి. ‘సాధించెనే’ వారం రోజులు విన్నాక మూడింటిలో ఏది నచ్చిందో, ఏ చరణం దగ్గర ఆగారో రాసి పంపండి. మిగిలిన నాలుగు పంచరత్నాల్లో తర్వాత ఏది వినాలో దాన్నిబట్టి చెబుతాను.